కనూకి ఇంట్లో చేసుకున్న ట్రోలింగ్ మోటారు మౌంట్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. కనూ అంటే తెడ్డుతో నడిపే సన్నటి పొడుగు పడవ. దాని పక్కన ట్రోలింగ్ మోటారు (పడవని నెమ్మదిగా నడిపే చిన్న బ్యాటరీ మోటారు) తగిలించుకోవడానికి నేను గరాజ్‌లో చేసుకున్న ఓక్ చెక్క మౌంట్, అంటే మోటారుని పట్టి ఉంచే చట్రం, ఇన్నేళ్ల టెక్సాస్ ఎండకీ నీళ్లకీ తట్టుకుని నిలబడింది. బజారులో దొరికే ఒంటి కడ్డీ బ్రాకెట్ కంటే గట్టిగా ఉంటుంది, చప్పుడు తక్కువ. డబ్బు మిగులుతుందని మాత్రం ఎవరూ మొదలుపెట్టొద్దు. మంచి చెక్క, స్టెయిన్‌లెస్ బోల్టులు, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు) అన్నీ కొనేసరికి రెడీమేడ్ బ్రాకెట్ ధర దగ్గరికే వచ్చేస్తుంది. మీ పడవ కొలతకి సరిగ్గా అతుక్కునే మౌంట్ కావాలంటేనే చేసుకోండి.

మేముండేది డాలస్ దగ్గర. ఎక్కువగా వెళ్లేది గ్రేప్‌వైన్ లేక్, అప్పుడప్పుడు లూయిస్‌విల్ లేక్. వసంతంలో సాండ్ బాస్, క్రాపీ అనే చేపలు, ఎండలు ముదిరాక మన జెల్లల్లాగే మీసాలున్న క్యాట్‌ఫిష్. పడవ పాత గ్రమ్మన్ అల్యూమినియం కనూ, 17 అడుగులది, రెండు వైపులా కొస తేలినది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీకి ఫైటర్ విమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీయే యుద్ధం ముగిసే వేళకి అదే అల్యూమినియంతో కనూలు మొదలుపెట్టింది. బరువు 34 కిలోల దాకా ఉంటుంది, ఇద్దరు పట్టుకుంటే కారు మీదికి ఎక్కించేయొచ్చు. వెనక కొస కూడా సూదిగా ఉండటంతో మోటారు బిగించడానికి బల్లలాంటి చోటే ఉండదు. మౌంట్ అవసరం అక్కడే వచ్చింది.

మోటారు మిన్ కోటా ఎండ్యూరా సీ2, 30 పౌండ్ల థ్రస్ట్ది (పడవని నెట్టే బలం), 12 వోల్టులది. ఈ కంపెనీ కథ నాకు చాలా ఇష్టం. 1934లో నార్త్ డకోటాలోని ఫార్గోలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన ఫోర్డ్ మోడల్ ఎ కారు స్టార్టర్ మోటారు తీసి, దానికి ప్రొపెల్లర్ తగిలించి మొదటి ట్రోలింగ్ మోటారు తయారు చేశాడట. అంటే ఈ వస్తువు పుట్టిందే ఇంటి పనితనంలోంచి.

30 పౌండ్లు సరిపోతాయా అని చాలామంది అడుగుతారు. పడవ, మనుషులు, సామాను కలిపి ప్రతి 100 పౌండ్లకి 2 పౌండ్ల థ్రస్ట్ అని ఇక్కడ ఒక వాడుక లెక్క ఉంది. నా కనూలో ఇద్దరం కూర్చుని, బ్యాటరీ, గేలాల పెట్టె పెట్టుకున్నా 500 పౌండ్లకి అటూ ఇటూ. లెక్క ప్రకారం 10 పౌండ్లు చాలు. 55 పౌండ్ల మోటారు పెడితే కనూ రెట్టింపు వేగంతో ఏమీ పోదు, మౌంట్ మీద బలం మాత్రం దాదాపు రెట్టింపు పడుతుంది, బ్యాటరీ నుంచి 50 ఆంప్స్ దాకా లాగుతుంది. ఇంటి మౌంట్ మీద పెద్ద మోటారు పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

ఇక అసలు సంగతి. మౌంట్ పని మోటారు బరువు మోయడమే అనుకుంటారు. ఆ బరువు పది కిలోల లోపే, ఏ చెక్కైనా మోస్తుంది. దాని అసలు పని మోటారు తిప్పే మెలికకి లొంగకుండా నిలబడటం. ప్రొపెల్లర్ పడవ అంచుకి సుమారు రెండు అడుగుల కింద ఉంటుంది. అక్కడ 30 పౌండ్లు, అంటే 13.6 కిలోల బలం ముందుకి నెడుతుంది. షాఫ్ట్ (మోటారు నిలువు కడ్డీ) కింది భాగం ముందుకి, పై భాగం వెనక్కి తిరగబోతుంది. దాంతో మౌంట్ వెనక భాగం అంచు మీద అదుముకుంటుంది, ముందు భాగం పైకి లేవబోతుంది. మూడున్నర అంగుళాల వెడల్పు ఉన్న ఒక్క అడ్డకర్ర మీద ఇదంతా పడితే, దాన్ని అంచుకి పట్టి ఉంచే బిగింపు మీద 90 కిలోలు దాటిన లాగుడు ఉంటుంది. అదే రెండు అడ్డకర్రలు ఒక అడుగు ఎడంతో పెట్టి కలిపితే 27 కిలోలకి దిగిపోతుంది. చెక్క అదే, బోల్టులు అవే, ఎడం ఒక్కటే మారింది. నేను చూసిన ఒంటి కడ్డీ బ్రాకెట్లన్నీ కొన్నాళ్లకి కదలడం మొదలుపెట్టేది ఇందుకే. మా స్నేహితుడు ఒకాయనకి అలాంటిదే ఉంది, ఐదో స్పీడ్‌లో, అంటే పూర్తి వేగంలో పెట్టగానే మోటారు తల వెనక్కి వాలడం కంటికి కనిపిస్తుంది.

అందుకే నాది నిచ్చెనలాంటి ఫ్రేమ్. వెనక సీటుకి కాస్త వెనగ్గా, అడుగు ఎడంతో రెండు అడ్డకర్రలు. ఒక్కోటి అంగుళమున్నర మందం, మూడున్నర అంగుళాల వెడల్పు. ఎడమవైపు అంచు దాటి ఆరంగుళాలు బయటికి వస్తాయి. ఆ బయటి కొసలకి నిలువుగా ఒక మందపాటి పలక, దానికి మోటారు క్లాంపు బిగుస్తుంది. ఎడమవైపే ఎందుకంటే ఎడమ చేత్తో మోటారు తిప్పుతూ కుడి చేత్తో గేలం వేయొచ్చు. ఎడమచేతి వాటం వాళ్లు అటుది ఇటు మార్చుకోండి. కనూకి ఒక్క బెజ్జం కూడా వేయలేదు. అడ్డకర్ర పైన, అంచు పెదవి కింద ఒక ఓక్ ముక్క, రెండింటినీ కలుపుతూ క్యారేజ్ బోల్టు, పైన నట్టు. అంచు ఈ రెండిటి మధ్యా బిగుసుకుంటుంది. చెక్కకీ అల్యూమినియానికీ మధ్య నియోప్రీన్ రబ్బరు పట్టీ.

ఇందులో ఒక చిన్న విషయం ఉంది, వాడుతుంటే గానీ తెలియదు. కనూ వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది కదా. కింది ముక్కలు అంచు బయటివైపు ఉంటాయి. మోటారు ముందుకి నెట్టినప్పుడు ఫ్రేమ్ ముందుకి, అంటే వెడల్పు పెరిగే వైపుకి జరగబోతుంది, దాంతో తనంతట తానే బిగుస్తుంది. రివర్స్ వేస్తే సన్నని వైపుకి జరగబోతుంది, వదులవుతుంది. అందుకని అంచు లోపలివైపు కూడా చిన్న ముక్కలు ఆనించాను. అప్పటినుంచీ రివర్స్‌లోనూ కదలిక లేదు. పెట్టుకునే ప్రతి ఒక్కరూ ఈ లోపలి ముక్కలు పెట్టాలి.

చెక్క గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ మౌంట్ ఇన్నేళ్లు బతికిందంటే సగం దానివల్లే. హోమ్ డిపో అనే ఇంటి సామాను షాపులో చౌకగా దొరికే ప్రెషర్ ట్రీటెడ్ కలప (కుళ్లకుండా లోపలికి మందు ఎక్కించినది) నీళ్లకి బాగుంటుందని అందరూ అదే తెస్తారు. 2004 నుంచి ఇళ్లకి అమ్మే ట్రీటెడ్ కలపలో ఆర్సెనిక్ మందు ఆపేసి, రాగి ఎక్కువున్న మందులు వాడుతున్నారు. తడి రాగి అల్యూమినియానికి ఆనితే అల్యూమినియం తినుకుపోతుంది. అల్యూమినియం కనూకి, జాన్ బోట్‌కి (అడుగు బల్లపరుపుగా ఉండే చిన్న పడవ) ఆ కలప తగలనివ్వొద్దు. ప్లాస్టిక్ కనూ అయితే పర్వాలేదు.

ఓక్ కొన్నా వైట్ ఓక్ మాత్రమే. రెడ్ ఓక్ చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది, కొన్ని షాపుల్లో రెండూ పక్కపక్కనే పెడతారు. తేడా తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. రెండు మూడు అంగుళాల ముక్క కోసి, ఒక కొసని గ్లాసులో నీళ్లలో ముంచి, రెండో కొస నుంచి నోటితో ఊదండి. రెడ్ ఓక్ అయితే నీళ్లలో బుడగలొస్తాయి, దాని రంధ్రాలు అటు నుంచి ఇటు దాకా తెరిచే ఉంటాయి. వైట్ ఓక్ రంధ్రాలు లోపల పూడుకుపోయి ఉంటాయి, ఎంత ఊదినా ఏమీ రాదు. విస్కీ పీపాలు వైట్ ఓక్‌తో చేసేది ఆ గుణం వల్లే. నా ముక్కలన్నీ అలా ఊదే తీసుకున్నాను. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, మామూలు ఇనుప మేకులూ బోల్టులూ తడిస్తే వాటి చుట్టూ నల్లటి మరక తేలుతుంది, ఇనుమూ పోతుంది. అందుకే అన్నీ స్టెయిన్‌లెస్.

బోల్టు బెజ్జాల దగ్గర ఒక పాత పడవల పద్ధతి పాటించాను. అసలు సైజు కంటే పెద్ద బెజ్జం వేసి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో సరైన సైజుతో మళ్లీ డ్రిల్ చేయడం. అప్పుడు బోల్టుకి చెక్క తగలదు, నీరు చెక్కలోకి దిగదు. పని రెండింతలవుతుంది. కానీ ఈ మధ్య అన్నీ విప్పి చూస్తే ఆ బెజ్జాల లోపల చెక్క కొన్ననాటి రంగులోనే ఉంది. అడ్డకర్రల కొసల దగ్గర, చెక్క నరం తెగిన చోట మాత్రం కాస్త నలుపెక్కింది. కొసలకి ఎపాక్సీ రెండు మూడు పూతలు ఎక్కువ వేయడం మంచిది, నీరు అక్కడి నుంచే తాగుతుంది.

ఎపాక్సీ ఎండకి ఆగదు. మొదటి వేసవి దాటేసరికి పసుపెక్కి, పైన తెల్లటి పొడి పట్టినట్టు అవుతుంది. దాని మీద ఎండని ఆపే స్పార్ వార్నిష్ వేయాల్సిందే. నేను ఏటా చలికాలంలో సాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది ఒక పూత వేస్తాను. ఈ పని ఇష్టం లేనివాళ్లకి చెక్క మౌంట్ వద్దు, అల్యూమినియం పైపులతో చేయించుకోండి.

నట్టుల సంగతి. చేత్తో తిప్పడానికి వీలని మొదట వింగ్ నట్టులు పెట్టాను. మోటారు వణుకు చిన్నదే అయినా గంటల తరబడి ఉంటుంది, అవి నెమ్మదిగా సడలుతాయి. ఇప్పుడు పెద్ద ప్లాస్టిక్ నాబ్‌లు, కింద లాక్ వాషర్లు. ఎప్పుడూ విప్పని చోట్ల నైలాన్ లాక్ నట్టులు. స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా వేసి గబగబా తిప్పితే మరలు ఒకదాన్నొకటి కరిచేసుకుంటాయి, ఇక కోయాల్సిందే. యాంటీ సీజ్ జెల్ ఒక చుక్క రాస్తే ఆ బాధ లేదు.

మోటారు పలక ముప్పావు అంగుళం మందం ఉన్న మెరైన్ ప్లైవుడ్ ముక్కలు రెండు కలిపి అంటించి చేసింది. మోటారు క్లాంపు మరలు పదే పదే ఒకే చోట అదమడంతో ప్లైవుడ్ గుంటలు పడి, బిగింపు వదులవుతూ వచ్చింది. రెండు వైపులా పల్చటి అల్యూమినియం రేకు అమర్చాక ఆ గొడవ పోయింది. అయినా మోటారుకి ఒక తాడు కట్టి కనూ అడ్డపట్టీకి ముడి వేస్తాను. క్లాంపు ఊడితే మోటారు నేరుగా లేక్ అడుక్కి పోతుంది, దాన్ని మళ్లీ చూడం.

చప్పుడు విషయంలో ఈ మౌంట్ నన్ను నిజంగా సంతోషపెట్టింది. అల్యూమినియం కనూలో స్పూను కింద పడినా మోగుతుంది. మోటారు వణుకు ఒంట్లోకి ఎక్కితే పడవంతా గుయ్యిమంటుంది, లోతు తక్కువ చోట చేపలు చెదిరిపోతాయి. ఓక్ చెక్క, కింద రబ్బరు పట్టీ కలిసి ఆ వణుకుని మింగేస్తాయి. రెండో స్పీడ్‌లో నాకు వినిపించేది ప్రొపెల్లర్ నీటిని కోసే చప్పుడు ఒక్కటే.

నడక ఎలా ఉంటుందంటే, మోటారు ఎడమవైపు ఉంది కాబట్టి ముక్కు కుడికి తిరగాలని చూస్తుంది. హ్యాండిల్‌ని కొద్దిగా పక్కకి పెట్టి పట్టుకుంటే నేరుగా పోతుంది, కాసేపటికి చెయ్యి తనే అలవాటు పడుతుంది. వేగం గంటకి నాలుగు మైళ్ల లోపే, మనిషి చురుగ్గా నడిచినంత. ప్రొపెల్లర్ రెక్కల పై కొస నీటికి కనీసం అడుగు లోతున ఉండాలి, లేదంటే గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది. అలలున్న రోజు ఇంకో రెండంగుళాలు దింపుతాను.

బరువు ఎక్కడ పెట్టాలన్నది మౌంట్ అంత ముఖ్యం. ఒక వేసవిలో నాన్న వచ్చారు. కొల్లేటి లంక గ్రామంలో పుట్టి, తాటి దోనె మీద గెడ వేస్తూ పెరిగిన మనిషి. కనూ ముందు కూర్చుని ఒకసారి వెనక్కి చూసి, "మోటారు వెనకేసి, బ్యాటరీ వెనకేసి, నువ్వూ వెనకే కూచుంటే ఎట్టారా? నేను దిగితే ముక్కు లేచిపోద్ది. గాలొస్తే నీ మాట వినదది. ఆ పెట్టె ముందుకి తొయ్యి" అన్నారు. "వైరు అందదు నాన్నా" అంటే, "వైరు కొనుక్కో" అని ఊరుకున్నారు. ఒంటరిగా వెళ్లిన రోజున టెక్సాస్ దక్షిణపు గాలికి ముక్కు ఎలా కొట్టుకుపోతుందో తెలిసినవాళ్లకి ఆ మాట విలువ తెలుసు. ఇప్పుడు బ్యాటరీ ముందు సీటు కింద, కొంచెం కుడికి ఉంటుంది. కుడివైపు ఎందుకంటే మోటారు బరువు ఎడమవైపు అంచు బయట వేలాడుతోంది, దానికి జవాబుగా.

వైరు పొడవు పెరిగితే మందం కూడా పెరగాలి. మోటారు పూర్తి స్పీడ్‌లో 30 ఆంప్స్ లాగుతుంది. 15 అడుగుల దూరానికి 8 గేజ్ వైరు వేశాను. బ్యాటరీకి దగ్గరగా 50 ఆంప్స్ బ్రేకర్, కరెంటు మరీ ఎక్కువైతే దానంతట అదే ఆపేసేది. అది లేకుండా ఎవరూ నీళ్లలోకి దిగొద్దు. ప్రొపెల్లర్‌కి నాచు చుట్టుకుని ఆగిపోతే వైరు వేడెక్కి కరిగేది అక్కడే. బ్యాటరీ మొదట లెడ్ యాసిడ్, తర్వాత 100 ఆంప్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్. బరువు సగానికి తగ్గింది, లెడ్ యాసిడ్‌లా సగం ఖర్చవగానే ఆపాల్సిన పని లేదు. ఐదో స్పీడ్‌లోనే నడిపినా మూడు గంటలు వస్తుంది, రెండో స్పీడ్‌లో అయితే రోజు గడిచిపోతుంది. చలికాలంలో గరాజ్ సున్నా డిగ్రీలకి దిగితే మాత్రం దాన్ని చార్జ్ చేయకూడదు, ఇంట్లోకి తెచ్చుకోవాలి.

మౌంట్‌కి నిజమైన పరీక్ష మునిగిన మొద్దు. టెక్సాస్‌లో సహజమైన లేక్ అంటే కాడో లేక్ పేరు చెబుతారు, మిగతావన్నీ దాదాపు ఆనకట్టలు కట్టి నింపినవే. అడుగున పాత చెట్ల మొదళ్లు అలాగే ఉంటాయి. ఒక పొద్దున ఒడ్డుకి దగ్గరగా, మూడో స్పీడ్‌లో, షాఫ్ట్ ఒక మొద్దుకి తగిలింది. ఈసారి బలం తిరగబడింది. కింద వెనక్కి, పైన ముందుకి. ముందు అడ్డకర్ర అదుముకుంది, వెనకది పైకి లేచి, దాని కింది ముక్క అంచు నుంచి కొంత జారింది. కనూ ఊగింది గానీ తిరగబడలేదు. ఒడ్డుకి వచ్చి చూస్తే, నిలువు పలకని అడ్డకర్రలకి పట్టి ఉంచే మూల బద్దల్లో ఒకదానికి నరం వెంబడి వెంట్రుకంత చీలిక. ఫ్రేమ్‌కి ఏమీ కాలేదు. ఆ మూల బద్దలు తీసేసి, పావు అంగుళం మందం ఉన్న అల్యూమినియం యాంగిల్ ముక్కలు బోల్టులతో వేశాను. మౌంట్ మొత్తంలో చెక్క పనికిరాని చోటు అదొక్కటే అని నా అభిప్రాయం. కొత్తగా చేసుకునేవాళ్లు మొదటి నుంచే అక్కడ లోహం పెట్టండి. చెక్క అడ్డ కొసలోకి స్క్రూలు కొట్టి పలకని నిలబెట్టడం అసలే వద్దు, అవి ఊడొస్తాయి. మొద్దులున్న చోట మోటారు టిల్ట్ లాక్ (షాఫ్ట్ వాలకుండా పట్టి ఉంచే గడియ) తీసి ఉంచితే తగిలినప్పుడు షాఫ్ట్ పైకి లేస్తుంది, మౌంట్ మీద దెబ్బ పడదు.

మోటారు పెట్టాక కనూ హోదా మారిపోతుందని కొత్తవాళ్లకి తెలియదు. టెక్సాస్‌లో తెడ్డుతో నడిపే కనూకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, బ్యాటరీ మోటారు తగిలించిన రోజు నుంచి పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దగ్గర రిజిస్టర్ చేయించాలి. టీఎక్స్‌తో మొదలయ్యే నంబరు ముందు భాగంలో రెండు వైపులా, మూడు అంగుళాల ఎత్తు అక్షరాలతో అంటించాలి. మనిషికో లైఫ్ జాకెట్ పడవలో ఉండాలి, 13 ఏళ్ల లోపు పిల్లలైతే పడవ కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలి. నేను పెద్దవాళ్లతో కూడా వేయిస్తాను. పక్కన మోటారు వేలాడే కనూలో ఒకరు ఎడమవైపు వంగితే చాలు, నీళ్లు అంచుని చేరతాయి. లూయిస్‌విల్‌లో వారాంతం మధ్యాహ్నాలు స్పీడ్ బోట్ల అలలుంటాయి, అలాంటప్పుడు నేను కనూ దింపను. తిరిగి వచ్చేటప్పుడు పడవలో నీళ్లన్నీ పారబోయడం కూడా ఇక్కడ చట్టమే, జీబ్రా మసెల్ అనే చిన్న ఆలిచిప్పలు ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి పాకకుండా. మౌంట్ రబ్బరు పట్టీల కింద తడి నిలుస్తుంది, ఇంటికి రాగానే ఫ్రేమ్ విప్పి ఎండలో ఆరబెడతాను.

బిగించడానికి ఐదారు నిమిషాలు పడుతుంది, విప్పడానికి అంతకంటే తక్కువ. ఫ్రేమ్ ఒక ముక్కగానే ఉంటుంది, కారు డిక్కీలో పట్టేస్తుంది.

వెనక బల్లపరుపుగా ఉన్న కనూ గానీ జాన్ బోట్ గానీ ఉన్నవాళ్లకి ఇదంతా అక్కర్లేదు, మోటారు నేరుగా వెనక పలకకే బిగుస్తుంది. రెండు కొసల కనూ ఉన్నవాళ్లు మాత్రం చెక్క కొనే ముందు వెనక సీటు దాటాక రెండు చోట్ల, అడుగు ఎడంతో, అంచు నుంచి అంచుకి వెడల్పు కొలిచి రాసుకోండి. ఆ రెండు కొలతలూ ఒకటి కావు, అడ్డకర్రల కింద ముక్కలు ఆ తేడా ప్రకారమే కోయాలి.